ముఖానికి ముసుగొద్దు.. మెరుగు చాలు!

ఇంటర్వ్యూ కాల్ లెటర్ వచ్చింది. సర్టిఫికెట్లు ఫైల్లో సర్దేశారు. సెల్ఫ్ ఇంట్రడక్షన్ పదిసార్లు చెప్పి చూసుకున్నారు. ఇక మిగిలింది ఒకటే సందేహం.. మేకప్ వేసుకోవాలా, వద్దా? వేసుకుంటే ఎంత? జూలూరుపాడులో పొద్దున్నే బస్సెక్కితే ఖమ్మమో, కొత్తగూడెమో చేరేసరికే చెమటకు, దుమ్ముకు ముఖం వాడిపోతుంది. హైదరాబాద్ అయితే రాత్రంతా ప్రయాణం, కళ్ల నిండా నిద్ర. ఆ అలసట కనిపించకుండా చేయడమే ఇంటర్వ్యూ మేకప్ పని. మీ రంగు మార్చడం కాదు. ఈ తేడా తెలిస్తే ఖర్చూ తగ్గుతుంది, కంగారూ తగ్గుతుంది.

రంగుకు మార్కుల్లేవు

ఐబీపీఎస్ పీఓ ఇంటర్వ్యూకు 100 మార్కులు. సివిల్స్ పర్సనాలిటీ టెస్టుకు 275. వీటిలో ఛాయకు ఒక్క మార్కూ లేదు. అయినా సెలవుల్లో పత్తి ఏరడానికో, మిర్చి కోతకో వెళ్లి ముఖం కమిలితే చాలు, ‘వారంలో తెల్లబడతావు’ అంటూ ఎవరో ఒక క్రీము పేరు చెబుతారు. అక్కడే ఆగండి. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడ్ మందు. డాక్టర్ చెప్పకుండా రోజుల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే ముఖం ఎర్రబడి మండుతుంది. అందుకే 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన పెట్టింది. లేబుల్ సరిగా లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండే ప్రమాదమూ ఉంది. అది కిడ్నీలకు చేటు. ఏది కొన్నా తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి.

ముందే చేసుకోవాల్సినవి

కొత్త క్రీమును ఇంటర్వ్యూ రోజు మొదటిసారి వాడొద్దు. వారం ముందే మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, రెండు రోజులు చూడండి. దురద, దద్దుర్లు లేకపోతేనే ముఖానికి. ఐబ్రోస్ చేయించుకోవాలంటే రెండు, మూడు రోజుల ముందే వెళ్లండి. ముందురోజు చేయిస్తే ఎరుపు, చిన్న పొక్కులు అలాగే ఉండిపోవచ్చు. ఫేషియల్, బ్లీచ్ అలవాటు లేకపోతే ఇప్పుడు మొదలుపెట్టొద్దు.

ఇంట్లో సగం, అక్కడ సగం

అంతా ఇంట్లోనే పూర్తిచేసుకుని బస్సెక్కితే దిగేసరికి చారలు పడుతుంది. పనిని రెండుగా విడగొట్టండి.

ఇంట్లో ముఖం కడుక్కుని, జిడ్డు లేని మాయిశ్చరైజర్ రాయండి. తర్వాత సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 ఉంటే చాలు, చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను 97 శాతం దాకా ఆపుతుంది. 50 ఉన్నది 98 శాతం ఆపుతుంది. తేడా ఒక్క శాతమే కాబట్టి ఎక్కువ ధర పెట్టాల్సిన పనిలేదు. ముఖ్యమైంది మోతాదు. చూపుడు, మధ్య వేళ్ల పొడవునా గీత వచ్చేంత తీసుకుని ముఖానికీ మెడకూ రాసి, పావుగంట తర్వాత బయల్దేరండి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

అక్కడికి చేరాక పది నిమిషాలు చాలు. ముందు చెమటను కర్చీఫ్‌తో అద్దండి, రుద్దొద్దు. చెమట మీదే పౌడర్ వేస్తే తెల్లగా పేరుకుంటుంది. కళ్ల కింద, మచ్చల మీద మాత్రమే కన్సీలర్ చుక్కలు పెట్టి వేలితో తట్టండి. ముఖమంతా ఫౌండేషన్ అక్కర్లేదు. షేడ్ కొనేటప్పుడు చేతిమీద కాదు, దవడ దగ్గర రాసి, షాపు బయటికొచ్చి పగటి వెలుగులో చూడండి. కలిసిపోయిందంటే అదే మీ షేడ్. కాంపాక్ట్ నుదురు, ముక్కు, గడ్డం మీద అద్దితే సరి. కాటుక సన్నగా, పైరెప్ప అంచున పెడితే కిందికి కారదు. లిప్‌స్టిక్ మీ పెదవుల రంగుకు దగ్గరగా ఉన్నది తీసుకుని వేలితో అద్దుకోండి. బొట్టు మీ ఇష్టం.

అబ్బాయిలకూ ఇదే

సన్‌స్క్రీన్, లిప్‌బామ్ అమ్మాయిల సొత్తేం కాదు. గడ్డం ఉంచుకుంటే అంచులు సరిచేయించండి. తీసేస్తే ముందురోజు సాయంత్రం తీయండి, గాట్లు పడినా తెల్లారేసరికి మంట తగ్గుతుంది. అందరూ గోళ్లు చూసుకోండి. ఫైలు అందించేటప్పుడు ప్యానెల్ చూసేది వాటినే. ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో అయితే కిటికీకి ఎదురుగా కూర్చోండి. వెలుగు వెనక నుంచి వస్తే ఎంత మేకప్ వేసినా ముఖం చీకటే.

రాత్రి కడిగాకే నిద్ర

ఎంత అలసిపోయినా మేకప్‌తో పడుకోవద్దు. కాటుకను కొద్దిగా కొబ్బరినూనెతో తుడిచి, ఫేస్‌వాష్‌తో కడగండి. కాటుక, లిప్‌స్టిక్ స్నేహితులతో పంచుకోవద్దు, ఇన్ఫెక్షన్లు అలాగే అంటుకుంటాయి.

సరిపోయిందా, ఎక్కువైందా తెలియాలంటే ఓ చిన్న పరీక్ష. ఒకరోజు ముందే ఇదంతా వేసుకుని అమ్మకో, రూమ్మేట్‌కో ఎదురుపడండి. ‘ఏంటి, ఏదో రాశావ్?’ అన్నారంటే ఎక్కువైనట్టు, కొంచెం తుడిచేయండి. ‘రాత్రి బాగా నిద్రపోయావా?’ అన్నారంటే సరిగ్గా కుదిరినట్టే.