పది భాగాల యుద్ధంలో ఒక్క పడకగది సీను

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు చెందిన ఈజీ కంపెనీ కథ ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’. హెచ్‌బీవో దీన్ని 2001 సెప్టెంబరు 9 నుంచి నవంబరు 4 దాకా 10 భాగాలుగా ప్రసారం చేసింది. నెత్తురూ బూతులూ సిరీస్ అంతటా ఉన్నా, లైంగిక దృశ్యం అని చెప్పుకోదగ్గది 9వ భాగంలోనే ఉంది. దాని వెనక కథ తెలియాలంటే కొన్ని అంకెలు చూడాలి.

65 డాలర్ల జరిమానా

సీను నిడివి తక్కువే. జర్మనీలో ఓ ఇంట్లో జానోవెక్ అనే సైనికుడు (టామ్ హార్డీ) ఒక జర్మన్ యువతితో ఉండగా మరొకరు లోపలికి వచ్చేస్తారు. ఆమె ఒంటి మీద బట్టలుండవు. మనకది కుర్రతనంలా కనిపిస్తుంది గానీ, అప్పటి సైన్యం దృష్టిలో నేరం. జర్మన్ పౌరులతో కలవకూడదని మిత్రపక్షాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ 1944 సెప్టెంబరులో ఆదేశమిచ్చారు. మీరితే 65 డాలర్ల జరిమానా. సాధారణ సిపాయి మూల వేతనం నెలకు 50 డాలర్లు, పారాచూట్ దళం వాళ్లకు అదనంగా మరో 50. అంటే నెల సంపాదనలో దాదాపు మూడింట రెండు వంతులు గోవిందా! అయినా ఆదేశాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. 1945 జూలైలో సడలించి, అక్టోబరులో ఎత్తేశారు.

11 శిబిరాలు, 30 వేల మంది

అదే భాగంలో ఆ సైనికులే లాండ్స్‌బర్గ్ దగ్గర నాజీ శిబిరాన్ని కనుగొంటారు. చారల బట్టల్లో ఎముకల గూళ్లలాంటి మనుషులు, నూలుపోగైనా లేని శవాలు కనిపిస్తాయి. చరిత్రలో అది డాకౌ నిర్బంధ శిబిరానికి అనుబంధంగా నడిచిన 11 కౌఫరింగ్ శిబిరాల్లో ఒకటి. వాటిలో దాదాపు 30 వేల మంది ఖైదీలు మగ్గారు. మొదటి నగ్నత్వం కనబడగానే ఇంట్లో రిమోట్ కోసం తడుముకుంటాం. రెండోది చూశాక నోట మాట రాదు.

6.5 కోట్ల ప్రేక్షకులు

రేటింగుకు ఈ తేడా పట్టదు. అమెరికా టీవీ రేటింగులు 1997లో మొదలయ్యాయి. హింసకూ, బూతుకూ, లైంగిక దృశ్యాలకూ వేర్వేరు అక్షరాలున్నా నగ్నత్వానికి విడిగా ఏదీ లేదు. హెచ్‌బీవో వంటి చందా చానళ్లు ‘నగ్నత్వం’, ‘కొద్దిపాటి నగ్నత్వం’ అని సొంతంగా హెచ్చరిస్తాయి. ఎంతసేపో తెలుస్తుంది, ఎందుకో తెలియదు.

1997 ఫిబ్రవరి 23న ఎన్‌బీసీ చానల్ నాజీల మారణకాండపై తీసిన ‘షిండ్లర్స్ లిస్ట్’ సినిమాను దాదాపు యథాతథంగా, పెద్దలకే అన్న ముద్రతో వేసింది. సుమారు 6.5 కోట్ల మంది చూశారని అంచనా. నగ్నత్వం చూపారంటూ టామ్ కోబర్న్ అనే కాంగ్రెస్ సభ్యుడు మండిపడ్డారు. హిట్లర్ శిబిరాల్లో బట్టలూడదీసి నిలబెట్టడమూ హింసేనని చాలామంది ఎదురు తిరగడంతో కొద్ది రోజులకే క్షమాపణ చెప్పారు.

5 తరగతులు

మన దేశంలో ఓటీటీలకు 2021 నిబంధనల ప్రకారం ఐదు తరగతులు: యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ. 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలుండాలి. ‘ఎ’కి వయసు నిర్ధారణ తప్పనిసరి. ముద్ర వయసును చెబుతుంది గానీ, దృశ్యం ఎందుకో ఇక్కడా చెప్పదు.

కాబట్టి ఎదిగిన పిల్లలతో ఈ సిరీస్ చూడాలనుకునే పెద్దలు 9వ భాగాన్ని ముందుగా తామే చూడటం మంచిది. జానోవెక్ సీను దాటేసినా కథకు వచ్చే నష్టం లేదు. శిబిరం సీను మాత్రం దాటేయకూడదు. పక్కన కూర్చుని, అడిగినవాటికి జవాబు చెబుతూ చూపించాల్సింది అదే.