గట్టుమీది పొన్నగంటి

పెదకాకాని శివాలయమునకు బోవు యాత్రికుడు గాని, గుంటూరు మిరపయార్డునకు బస్తాలు తోలించు రైతు గాని, దారిప్రక్క కాలువగట్టున నేమి మొలచినదో నిలిచి చూడడు. చూచినను, పొన్నగంటి యనియో, గరిక యనియో, తుంగ యనియో చెప్పి సాగిపోవును. చేనిలో మొలచినచో దీయించును. గట్టున మొలచినచో విడిచిపెట్టును. పొన్నగంటి కన్నులకు మేలుచేయునని పెద్దలు చెప్పుటచే నాడువారు దానిని గోసి కూర వండుదురు. అంతకుమించి యీ మొక్కతో మనకు బనియున్నదని మనలో నెందరు తలచిరి? పెరటిచెట్టు మందుకు బనికిరాదను సామెత మన నోటనే పుట్టినది గదా!

కాని తెలుగుగడ్డమీది యొక విశ్వవిద్యాలయమున గొందఱు పండితులు ఈ పొన్నగంటి కుటుంబమును బట్టుకొని కూర్చుండిరి. 1954లో తిరుపతియందు స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో ఆచార్య వి. ఎస్. రామదాస్ గారును, వారి శిష్యులును, ఉష్ణదేశపు మొక్కలు ఎండను, గాలిని, నీటిని ఎట్లు వాడుకొనుచున్నవను విషయమును ఏండ్ల తరబడి పరిశోధించిరి. 1986లో రాజేంద్రుడు, ప్రసాద్, రామదాస్ గారలు ముగ్గురును కలిసి అమెరికాదేశపు ‘ప్లాంట్ ఫిజియాలజీ’ పత్రికలో నొక వ్యాసము ప్రకటించిరి. పొన్నగంటి జాతికి జెందిన రెండు మొక్కలు, ప్రాచీనమైన యొక జీవనపద్ధతికిని, నవీనమైన మఱియొక పద్ధతికిని నడుమ నిలిచియున్నవని యందు నిరూపించిరి. ఈ సంగతి మన పట్టణములలో నెంతమందికి దెలియును? తెలియకపోవుట పాఠకుల దోషము కాదు. చెప్పవలసినవారు తెలుగున జెప్పకపోవుటయే దోషము. కావున నేడు మాకు జేతనైనంత చెప్పబూనితిమి.

ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, ఎండవలని శక్తితో దానిని జక్కెరగా మార్చును. ఈ వాయువును బట్టుకొను ద్రవ్యమునకు రూబిస్కో యని పేరు. వరి, పత్తి, మిరప, పొగాకు, కంది, మినుము మొదలైన మొక్కలలో ఈ ద్రవ్యము తిన్నగా బనిచేయును. అయితే దానికొక లోపము గలదు. ఎండ తీవ్రమైనకొలదిని అది బొగ్గుపులుసు వాయువునకు మారుగా బ్రాణవాయువును బట్టుకొనును. అట్లు పట్టిన ప్రతిసారియు మొక్క తాను సంపాదించినదానిలో గొంత పోగొట్టుకొనును. చైత్రవైశాఖముల యెండలో మన చేలకు గలుగు నష్టములో నిదియు నొకభాగము. నీరు పెట్టినను ఈ నష్టము పూర్తిగా దీరదు.

జొన్న, మొక్కజొన్న, చెరకు, సజ్జ, రాగి యీ చిక్కునుండి తప్పించుకొనినవి. వాని యాకులలో ఈనెచుట్టును బలమైన కణములు దండవలె నమరియుండును. వెలుపలి కణములు వాయువును మొదట నాలుగు కర్బనములుగల యామ్లముగా బట్టి లోపలి కణములకు బంపును. అచట నా యామ్లము వాయువును విడుచును. రూబిస్కో చుట్టును బొగ్గుపులుసు వాయువు దట్టముగా నుండుటచే బ్రాణవాయువునకు జోటు చిక్కదు. మండువేసవిలో సైతము పని సాగును; నీటి ఖర్చు తగ్గును. చెరకునందు ఈ మార్గమును 1966లో ఆస్ట్రేలియాలో బనిచేసిన హాచ్, స్లాక్ అను పండితులు విశదపఱచిరి. మన రైతు పగతుగా నెంచు గరిక, తుంగ, పల్లేరు, గలిజేరులును ఈ పద్ధతివే. చేను వాడినను కలుపు పచ్చగా నుండుటకు గల కారణములలో నిది ముఖ్యమైనది.

ఇక పొన్నగంటి కుటుంబముయొక్క విశేషమును వినుడు. మనము వండుకొను పొన్నగంటి వరివలె బాతపద్ధతిది. బీడునేలలపై ముండ్లతో బరచుకొని పాదములకు గ్రుచ్చుకొను దాని జ్ఞాతి జొన్నవలె గ్రొత్తపద్ధతిది. ఒకే యింటి బిడ్డలు రెండు మార్గములు ద్రొక్కినవన్నమాట. తిరుపతి పండితులు చూపినవి ఈ రెంటికిని నడిమివి. ఇట్టి నడిమి మొక్కలలో ఈనెచుట్టు కణములు కొంత బలపడియుండును. నాలుగు కర్బనముల యంత్రము మాత్రము పూర్తిగా నేర్పడియుండదు. అయినను పోవలసిన వాయువును అవి ఈనెచుట్టు కణములకు జేర్చి, యచట వెలువడినదానిని మరల బట్టుకొనును. కళ్లములో రాలిన గింజను చీపురుతో నూడ్చి తిరిగి రాశిలో బోయు పొదుపరి కాపువంటివవి.

ఈ మొక్కల విలువ యిందే గలదు. క్రొత్తపద్ధతి వృక్షలోకములో నొక్కసారి పుట్టినది కాదు; వేర్వేరు కుటుంబములలో 60 పర్యాయములకు మించి స్వతంత్రముగా బుట్టినదని నేటి పరిశోధకులు లెక్కించిరి. సుమారు 3 కోట్ల సంవత్సరముల క్రిందట గాలిలో బొగ్గుపులుసు వాయువు తగ్గినప్పుడు ఇది యారంభమైనదని వారి యభిప్రాయము. కాని యింత చిక్కైన యంత్రము ఒక్కనాడేర్పడదు గదా! ఏ మెట్టు తరువాత నే మెట్టు ఎక్కవలెనో నడిమి మొక్కలే చెప్పగలవు. మన చేలను, వీథులను బాధించు వయ్యారిభామయు నిట్టి నడిమి మొక్కయే యని శాస్త్రజ్ఞులు గుర్తించిరి.

ఇది యెవ్వరికి గావలెనని యడుగువారుందురు. కావలసినవారు చాలమంది గలరు. వరిని జొన్నపద్ధతికి మార్చవలెనని ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాలయము కేంద్రముగా 2008లో ననేక దేశముల పండితులు కలిసి మహాప్రయత్నము నారంభించిరి. అది యింకను ఫలింపలేదు. ఎప్పుడు ఫలించునో చెప్పుటయు గష్టమే. కాని ఫలించినచో గృష్ణాడెల్టా రైతుకు దక్కువ నీటితో నెక్కువ ధాన్యము దక్కును. రామదాస్ గారి శిష్యులును, హైదరాబాదు విశ్వవిద్యాలయమున నాచార్యులును నైన ఆగేపాటి రాఘవేంద్ర గారు కెనడా పండితుడైన రోవన్ సేజ్ గారితో గలిసి 2011లో ఈ శాస్త్రమునందు బ్రమాణమైన గ్రంథమును సంపాదకత్వము వహించి ప్రకటించిరి. తిరుపతిలో వెలిగించిన దీపము దూరదేశములకు వెలుగిచ్చినది. ఆ వెలుగు పెదకాకాని గట్టుపై బడకుండుట మనకు గౌరవము కాదు.

ఉన్నమాట చెప్పవలెను. పొన్నగంటి పరిశోధనవలన గుంటూరు రైతుకు ఎకరమునకు నొక్క బస్తా మిరప యెక్కువ పండలేదు. పండినదని మేము చెప్పము. అయినను, పరిణామశాస్త్రము మనకక్కఱలేదను రైతు ఒక సంగతి నాలోచింపవలెను. 2002లో మన దేశమున బీటీ పత్తికి అనుమతి లభించెను. కాయతొలుచు పురుగు పీడ విరగడయైనదని యందఱును సంతోషించిరి. కాని సుమారొక పుష్కరము గడచునప్పటికి గులాబిరంగు పురుగు ఆ విత్తనమునందలి రెండు విషములకును లొంగనిదయ్యెను. పురుగులో నెవ్వరును మంత్రము వేయలేదు. విషమునకు జావని కొన్ని పురుగులు బ్రతికి సంతానము బొందినవి; చావదగినవి చచ్చినవి. ఇదియే పరిణామము. విత్తనముతోపాటు మామూలు పత్తిని చుట్టును గొన్ని వరుసలు వేయుడని శాస్త్రజ్ఞులు మొదటనే చెప్పిరి. ఎందుకో చక్కగా బోధింపబడలేదు, పెక్కుమంది వేయలేదు. పుస్తకములలోని ధర్మమని మనము త్రోసివేసినది మన పత్తిచేనిలోనే జరిగి మనచేతనే మూల్యము చెల్లింపజేసినది.

కనుక మా విజ్ఞప్తి యేమనగా: పెదకాకానికి సమీపమున, గుంటూరు–విజయవాడ రహదారి ప్రక్కన, 1976లో నెలకొనిన నాగార్జున విశ్వవిద్యాలయము గలదు. గుంటూరు చెంతనే లాం వ్యవసాయ పరిశోధనాస్థానము గలదు. ఒకచోట వృక్షశాస్త్రము, ఒకచోట పంటలశాస్త్రము. నడుమ గట్లనిండ కలుపుమొక్కలు. ఈ మూడును కలియవలదా? మన మండలములలోని కలుపుమొక్కల నన్నిటిని సేకరించి, ఎండబెట్టిన ప్రతులను భద్రపఱచి, బ్రతికిన మొక్కల కొక మడి కేటాయించి, ఏది యే పద్ధతిలో జీవించుచున్నదో విద్యార్థులచే బరీక్షింపజేయుట దుస్సాధ్యము కాదు. ఆకును బలుచగా గోసి సూక్ష్మదర్శినితో జూచినచో ఈనెచుట్టు దండ యున్నదో లేదో మొదటి తరగతి విద్యార్థియు జెప్పగలడు. సూక్ష్మపరీక్షలకు గావలసిన యంత్రములకు ద్రవ్యము ప్రభుత్వ మియ్యవలెను. కనుగొన్నదానిని తెలుగున బ్రకటించుట ఆచార్యుల విధి.

భూస్వాముల విధియు నొకటి గలదు. నేడు కూలి ప్రియమైనదని గట్టులపై గూడ కలుపుమందు చల్లించుచున్నారు. చేనిలో జల్లుట యవసరము కావచ్చును. గట్టును మాడ్చుట యెందులకు? అచట నశించునది పనికిరాని గడ్డి యని మన మనుకొందుము. అచటనే, మన కూరపొన్నగంటి ప్రక్కనే, కోట్ల యేండ్ల కథలో నింకను చదువని పుటలు మొలచియుండవచ్చును. చదువురానివాడు తాళపత్రములను బొయ్యిలో బెట్టినచో మనము నొచ్చుకొందుము. చదువుకొన్నవారమై యీ పత్రములను మాడ్చుచున్నాము.

కావున, నీ కారునందు మందుడబ్బా భుజమున వేసికొను కూలివానికి, గట్టు నొక మూర విడిచిపెట్టుమని చెప్పుడు. ఖర్చులేని యీ యుపకారమును రైతు చేసినచో, మిగిలినది విశ్వవిద్యాలయము చేయవలెను. అది చేయనియెడల నడుగుటకు మనకు హక్కు గలదు.