పేరు రాయలేదు సరే, పుట్టిన తేదీ రాశారుగా?

"ఒక సర్వే ఫారంలో పేరు రాయనక్కర్లేదన్నారు. పిన్‌కోడ్, పుట్టిన తేదీ, ఆడో మగో మాత్రం అడిగారు. వీటితో నన్నెవరైనా పట్టుకోగలరా?" అని ఒక పాఠకురాలు రాశారు. ఇలాంటి ఉత్తరాలకు మామూలుగా రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకుంటాం. దీన్ని మాత్రం అలా వదలబుద్ధి కాలేదు. ఆవిడ తెలిసి అడిగారో తెలియక అడిగారో గానీ, గోప్యతను లెక్కలతో పరిశీలించేవాళ్లకు ఆ మూడూ కంఠతా వచ్చిన మూడు.

ముందు కొలత సంగతి. గుంపును సగానికి తగ్గించే సమాచారం విలువ ఒక బిట్. 1948లో క్లాడ్ షానన్ పెట్టిన లెక్క ఇది. ఆడా మగా అని తెలిస్తే గుంపు సగమవుతుంది, అంటే ఒక బిట్. 107 కోట్ల మందిని 30 సార్లు సగం చేసుకుంటూ పోతే ఒక్క మనిషి మిగులుతాడు. మన జనాభా 140 కోట్లు దాటింది కాబట్టి సుమారు 30.4 బిట్లు కావాలి. ప్రపంచం మొత్తంలో ఒకరిని ఏరాలన్నా 33 చాలు.

ఇప్పుడు ఆ ఫారం చూద్దాం. దేశంలో దాదాపు 19,000 పిన్‌కోడ్‌లున్నాయి. ఒక పిన్‌కోడ్ చెబితే 14.2 బిట్లు చెప్పినట్టు. పుట్టిన తేదీకి 80 ఏళ్ల పరిధి తీసుకుంటే 29,200 రోజులు, అంటే 14.8 బిట్లు. ఆడా మగా అన్నదానికి ఒకటి. మొత్తం 30. కావలసింది 30.4! పేరు అడగని ఆ ఫారం పేరు చేసే పనిని దాదాపు పూర్తిగా చేసేసింది.

ఇదే లెక్కను ఇంకోలా వేద్దాం. ఒక్కో పిన్‌కోడ్‌కు సగటున 75,000 మంది. తేదీలూ ఆడా మగా కలిపితే 58,400 గళ్లు. జనాన్ని ఆ గళ్లలో ఎలా పడితే అలా చల్లితే, నలుగురిలో ఒకరికి మించి తమ గడిలో ఒంటరిగా ఉంటారు. ఇది సగటు పిన్‌కోడ్ మాట. పదివేల మందే ఉన్న పల్లెటూరి పిన్‌కోడ్ అయితే నూటికి ఎనభై మందికి పైగా ఒంటరివాళ్లే. ఊరు చిన్నదైన కొద్దీ దాక్కునే చోటు తగ్గుతుంది.

ఈ సంగతి మసాచుసెట్స్ రాష్ట్రానికి తల బొప్పి కట్టాక తెలిసింది. 1990లలో అక్కడి ప్రభుత్వ ఉద్యోగుల బీమా సంస్థ ఆసుపత్రి రికార్డుల్లోంచి పేర్లు తీసేసి, పుట్టిన తేదీ, ఆడా మగా, జిప్‌కోడ్ (అక్కడి పిన్‌కోడ్) మాత్రం ఉంచేసి పరిశోధకులకు ఇచ్చింది. భయం లేదని గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చారు. ఎంఐటీలో చదువుకుంటున్న లతాన్యా స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ ఊరి ఓటర్ల జాబితా కొన్నారు. గవర్నర్ పుట్టిన తేదీ ఉన్నవాళ్లు అందులో ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన జిప్‌కోడ్‌లో ఉన్నది ఒక్కరే. భరోసా ఇచ్చిన పెద్దమనిషి వైద్య రికార్డే బయటపడింది.

ఈ మూడు వివరాలతో అమెరికా జనాభాలో 87 శాతాన్ని విడదీయవచ్చని స్వీనీ లెక్కగట్టారు. 2006లో ఫిలిప్ గోల్ అనే పరిశోధకుడు మళ్లీ లెక్కవేస్తే 63 శాతమే తేలింది. ఓటర్ల జాబితాలో ఊళ్లో అందరూ ఉండరు కదా, జాబితాకెక్కని ఇంకొకరికి అవే వివరాలు ఉంటేనో అని ఆ తర్వాత డేనియల్ బార్త్-జోన్స్ అనే మరో పరిశోధకుడు పేచీ పెట్టారు. న్యాయమైన పేచీయే. కానీ 63 మాత్రం తక్కువా?

పుట్టిన తేదీ ఇవ్వకపోతే సరిపోతుందా? 2006లో నెట్‌ఫ్లిక్స్ ఒక పోటీ కోసం సుమారు 4,80,000 మంది చందాదారుల సినిమా రేటింగులు పేర్లు తీసేసి విడుదల చేసింది. అందులో ఊరూ లేదు, తేదీ అంటే రేటింగ్ ఇచ్చిన తేదీయే. అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అనే పరిశోధకులు దాన్నీ ఛేదించారు. ఒక మనిషి ఇచ్చిన ఎనిమిది రేటింగులు సుమారుగా తెలిస్తే చాలు. వాటిలో రెండు పూర్తిగా తప్పయినా, తేదీలు రెండు వారాలు అటూ ఇటూ అయినా, 99 శాతం రికార్డులు విడిపోతాయని చూపించారు. గుట్టంతా అరుదైన వాటిలో ఉంది. 'బాహుబలి' చూశానంటే ఏమీ చెప్పనట్టే, చూడనివాళ్లెవరు? ఎవరూ చూడని పాత సినిమా పేరెత్తితే ఒక్క దెబ్బకు పది బిట్లు పోతాయి. ఐఎండీబీ అనే సినిమాల వెబ్‌సైట్‌లో జనం బాహాటంగా ఇచ్చిన రేటింగులను తాళంచెవిగా వాడి, నెట్‌ఫ్లిక్స్‌లో గుట్టుగా ఇచ్చిన వాటిని తెరిచారు. నలుగురి ముందు అన్న మాటే నాలుగు గోడల మధ్య సంగతిని పట్టించింది.

పుట్టిన తేదీల విషయంలో మన దగ్గర ఒక విచిత్రం ఉంది. బడిలో వేసేటప్పుడు వయసు సరిపోవాలని పంతులుగారు ఏ జూలై 1నో పుట్టినరోజుగా రాసేసిన పెద్దవాళ్లు మన ఇళ్లలో బోలెడుమంది. ఒక ఏడాది పుట్టినవాళ్లలో నూటికి ఐదుగురు అదే తేదీకి చేరారనుకోండి. వాళ్ల విషయంలో రోజూ నెలా ఇచ్చే సమాచారం 8.5 బిట్ల నుంచి 4.3కి పడిపోతుంది. ఏ గోప్యతా చట్టమూ లేని కాలంలో పంతులుగారి కలం చేసిన రక్షణ అది! ఆసుపత్రిలో పుట్టి, నిమిషంతో సహా రికార్డుకెక్కిన మనవడికి ఆ భాగ్యం లేదు.

చట్టాల మాటా రెండు ముక్కలు. అమెరికా ఆరోగ్య గోప్యతా నియమాల్లోని ఒక పద్ధతి ప్రకారం పేర్లు తీసిన రికార్డు ఇవ్వాలంటే తేదీల్లో సంవత్సరానికి మించి ఉంచకూడదు, జిప్‌కోడ్‌లో మొదటి మూడంకెలకు మించి ఉంచకూడదు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మూడో సెక్షన్ మాత్రం, మనిషి తనంతట తాను బహిరంగపరచిన వివరాలకు ఈ చట్టం వర్తించదంటోంది. బయటపెట్టింది నేనే, ఒప్పుకుంటాను. దాన్ని ఇంకో జాబితాతో ముడేసి, నేను ఎన్నడూ చెప్పని సంగతి తేల్చితే దాన్ని బహిరంగపరచింది ఎవరు? బిట్ల లెక్క తెలిసినవాళ్లెవరైనా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

ఇక అమ్మా, మీ ఫారం సంగతి. పుట్టిన సంవత్సరం మాత్రమే రాయండి. గడిలో సగటున ఒకటిన్నర మంది కూడా లేని చోట, మీతో పాటు దాదాపు 470 మంది చేరతారు. తేదీ కావాల్సిందే అంటే ఎందుకని అడగండి. సర్వేకు కావలసింది మీ వయసు. మీకు పుట్టినరోజు కానుక పంపే ఉద్దేశం వాళ్లకు ఉండదు.