స్పృహ తప్పలేదు కదా!

అపోహ: ఆటలో తలకు దెబ్బ తగిలినా స్పృహలోనే ఉన్నాడు, ఏమీ కాలేదు.

వాస్తవం: కంకషన్ (దెబ్బతో మెదడు కుదుపుకు లోనవడం) అయినవారిలో స్పృహ తప్పేవారు 10 శాతం లోపే. దెబ్బ తలకే తగలాలనీ లేదు. ఒంటికి గుద్దు తగిలి మెడ గట్టిగా ఊగిపోయినా లోపల మెదడు కుదుపుకు లోనవుతుంది. తలనొప్పి, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే మళ్లీ అడగడం దాని గుర్తులు. కొన్ని మర్నాటికి గానీ బయటపడవు.

అపోహ: కాసేపు కూర్చుని నీళ్లు తాగితే మళ్లీ ఆడొచ్చు.

వాస్తవం: అన్నిటిలోకీ ప్రమాదకరమైన నమ్మకం ఇదే. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ల జాకరీ లిస్టెట్‌కు స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలింది. కొద్దిసేపు పక్కన కూర్చుని మళ్లీ దిగాడు. ఆట అయ్యాక కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావం! పుర్రె ఎముక తీసి ఆపరేషన్ చేస్తే బతికాడు గానీ మాట, నడక మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. కంకషన్ అనుమానం ఉన్న పిల్లల్ని వెంటనే ఆట మాన్పించాలనీ, వైద్య నిపుణులు రాసిస్తే తప్ప దింపకూడదనీ 2009లో ఆ రాష్ట్రం అతని పేరిట చట్టం చేసింది. 2014 కల్లా 50 రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలు వచ్చాయి. 2011లో ఉత్తర ఐర్లండ్‌లో స్కూలు రగ్బీ ఆడుతూ, ఒకే మ్యాచ్‌లో పలుమార్లు దెబ్బలు తిన్న 14 ఏళ్ల బెన్ రాబిన్సన్ మాత్రం బతకలేదు. మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది తగిలితే మెదడు ఒక్కసారిగా వాచిపోవచ్చు. అరుదే, కానీ దాని బారిన పడేది ఎక్కువగా ఈ వయసువాళ్లే. కబడ్డీలో పట్టు పట్టే కుర్రాడి తలకు రైడర్ మోకాలు తగిలినా వెంటనే ఆట మాన్పించాల్సిందే.

అపోహ: హెల్మెట్ ఉంది, స్కాన్ కూడా బాగానే ఉంది.

వాస్తవం: హెల్మెట్ పుర్రె పగలకుండా కాస్తుంది, లోపలి కుదుపును ఆపలేదు. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని పట్టుకుంటుంది, మామూలు కంకషన్ అందులో కనిపించదు.

అపోహ: వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టాలి.

వాస్తవం: ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు. తర్వాత నడక, తేలికపాటి పనులు మేలే చేస్తాయి. ఆటకు మాత్రం తొందర వద్దు, పిల్లలు కోలుకోవడానికి నెల దాకా పట్టొచ్చు.

అపోహ: లెక్కలోకి వచ్చేవి పెద్ద దెబ్బలే.

వాస్తవం: ఏళ్ల తరబడి తగిలే చిన్న దెబ్బలూ పేరుకుంటాయి. తలకు దెబ్బలు తగిలే ఇలాంటి ఆటలాడి 30 ఏళ్లలోపే చనిపోయిన 152 మంది మెదళ్లను బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశీలించింది. 2023లో ప్రకటించిన ఫలితాల్లో 63 మందికి సీటీఈ అనే మెదడు క్షీణత కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదడును దానం చేస్తాయి గనుక, ఆడే పిల్లలందరికీ ఈ లెక్క వర్తించదు. అయినా అమెరికన్ ఫుట్‌బాల్ ఎక్కువ ఏళ్లు ఆడినవారిలోనే అది ఎక్కువగా కనబడింది. ప్రాక్టీసులో గుద్దులు తగ్గించమని వైద్యులు పోరేది అందుకే. అమెరికా సాకర్ సమాఖ్యయితే 2015లోనే, పదేళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలు తలతో బంతి కొట్టకూడదని ప్రకటించింది.