తిరుమలకు కాలినడక: మజిలీలు, మూటాముల్లె

పెరటాసి నెల దగ్గర పడిందంటే మా వేలూరు, గుడియాత్తం తెలుగు ఇళ్ళలో ఒకటే ప్రశ్న: "ఈసారి కొండకు నడిచేవాళ్ళు ఎవరెవరు?" మా బంధువర్గంలో కాలేజీ కుర్రవాళ్ళ నుండి డెబ్బై దాటిన మేనత్త దాకా అందరికీ ఆ కోరిక ఉంది. బ్యాంకు ఉద్యోగిని కాబట్టి ఏర్పాట్ల లెక్కలన్నీ నా నెత్తిన పడ్డాయి. అవి మీకూ ఉపయోగపడతాయని రాస్తున్నాను.

1911 వరకు చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా కొండ ఎక్కడానికి కాళ్ళే గతి, లేకపోతే డోలీ. కనుక మన పెద్దలకు ఇది కొత్త దారి కాదు. వేలూరు వారు పాలారు దాటి కాట్పాడి, క్రిస్టియాన్‌పేట మీదుగా, గుడియాత్తం వారు పరదరామి మీదుగా చిత్తూరు చేరతారు. అక్కడి నుండి అందరికీ ఒకటే దారి. మొత్తం వంద కిలోమీటర్ల పైమాటే.

స్పెయిన్ దేశంలో సాంటియాగో అనే క్షేత్రానికి జనం వందల కిలోమీటర్లు నడుస్తారు. ఆ దారిలో ఒకచోట దాదాపు 17 కిలోమీటర్ల మేర ఊరే తగలదు. అందుకని అక్కడివారు ముందు మజిలీలు చూసుకుని, తరువాతే మూట కడతారు. మనకు ఊళ్ళు దగ్గరే అయినా పద్ధతి మాత్రం అదే మంచిది.

గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి అడుగే మాకు కొలత. రోజుకు 20 కిలోమీటర్లు దాటనివ్వము. రైలు స్టేషను ఉన్న ఊళ్ళకు దగ్గరగా మజిలీలు పెడతాము. కాట్పాడి, చిత్తూరు, పాకాల, చంద్రగిరి, తిరుపతి అన్నీ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. కాలు బొబ్బలెక్కినవారు, షుగరు తగ్గి నీరసించినవారు అక్కడ ఆగి బండి ఎక్కవచ్చు. బండి వేళలు ముందే రాసిపెట్టుకోవాలి. మా మేనత్త చిత్తూరు దాకా నడిచి, అక్కడ రైలెక్కి, చంద్రగిరిలో మళ్ళీ మాతో కలిసింది. "మొక్కు సగమేనా అత్తా?" అని ఒక కుర్రవాడు అడిగితే, "నడిచినంత స్వామి పద్దులో పడిందిలేరా" అన్నది. ఆ తరువాత మా గుంపులో ఆగడానికి ఎవరూ సిగ్గుపడలేదు.

చిత్తూరు తరువాత కాణిపాకంలో ఒక పూట విశ్రాంతి తప్పనిసరి. వినాయకుని దర్శనమూ అవుతుంది, కాళ్ళకు నూనె రాసుకోవడానికి సమయమూ దొరుకుతుంది.

ఇక సామాను. మొదటి పూటకు పులిహోర చాలు. పెరుగన్నం ఎండకు పులుస్తుంది. అటుకులు, వేయించిన శనగలు, బెల్లం, ఓఆర్ఎస్ పొట్లాలు, దూది, పట్టీలు, టార్చిలైటు, వానకు ప్లాస్టిక్ పట్టా ఉండాలి. రోజూ వేసుకునే మందులు ఎవరివి వారి జేబులోనే ఉండాలి, వెనక వచ్చే వ్యానులో కాదు. తెల్లవారుజామున చీకట్లో బయలుదేరితే ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడిపక్కన, ఒకే వరుసలో నడవాలి. చిల్లర డబ్బు ఇద్దరి దగ్గర వేరువేరుగా ఉంచి, ప్రతి రాత్రీ లెక్క రాస్తే మాట పట్టింపులు రావు.

చంద్రగిరి దాటి శ్రీనివాస మంగాపురం మీదుగా వెళితే శ్రీవారి మెట్టు. మెట్లు సుమారు 2,400 కాబట్టి దగ్గరి దారే, కానీ నిటారు. అలిపిరిలో మెట్లు 3,550, దూరం సుమారు 9 కిలోమీటర్లు. మూటలను దేవస్థానం వారే కొండపైకి చేరుస్తారు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ తరువాత పిల్లలతో ఎక్కే వేళలకు హద్దులు పెట్టారు. నిబంధనలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు విచారించుకోండి. పిల్లల చేయి వదలకండి.

ఈ ఏడు వెళ్ళదలచినవారు నెల ముందు నుండే రోజూ ఐదు కిలోమీటర్లు నడవండి. ఇంటి పెద్దలనూ వెంట రమ్మనండి. వారు ఎంత దూరం రాగలరో అప్పుడే తెలిసిపోతుంది, దానిని బట్టి మజిలీలు గుర్తించుకోవచ్చు.