మేక్ కొడితే ఎర్రర్ వచ్చిందా?

బిలాస్‌పూర్ సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి అక్కడే స్థిరపడ్డ తెలుగు ఇళ్లు ఎన్నో. ఆ ఇళ్లలో పాత ల్యాప్‌టాప్‌కు లినక్స్ ఎక్కించి, పైథాన్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసుకుందామనుకునే పిల్లలకు ఈ విశేషాలు.

సోర్స్‌ను ప్రోగ్రాంగా కట్టే 'మేక్' కమాండ్ కొట్టగానే తెర నిండా ఎర్రర్లు దొర్లితే అందరి చూపూ ఆఖరి లైను మీదే పడుతుంది. అక్కడ 'ఎర్రర్ 1' అనే మాట తప్ప పనికొచ్చేదేమీ ఉండదు. ముందు స్టేషన్‌లో సిగ్నల్ ఇవ్వకపోతే వెనక బండ్లన్నీ వరసగా ఆగినట్టే ఇదీ. పైకి వెళ్లి మొట్టమొదటి ఎర్రర్‌ను పట్టుకోండి. మేక్‌కు ఒకేసారి నాలుగు పనులు అప్పగించి ఉంటే లైన్లు కలగాపులగమవుతాయి. ఒక్కొక్కటిగా నడిపి చూడండి.

లైబ్రరీ మెషీన్‌లో ఉన్నా 'లేదు' అంటుందా? నిజమే, సగమే ఉంది! ఉబుంటు, డెబియన్‌లలో ప్రోగ్రాం నడవడానికి కావలసిన లైబ్రరీ ఒక ప్యాకేజీ, కంపైలర్ చదివే హెడర్ ఫైళ్లు మరో ప్యాకేజీ. ఆ రెండోదాని పేరు 'డెవ్' అని ముగుస్తుంది, ఫెడోరాలో అయితే 'డెవెల్' అని. పైథాన్‌లో ఇది మరీ ప్రమాదం: ఓపెన్ఎస్ఎస్ఎల్ హెడర్లు లేకపోయినా మేక్ ఆగదు, ఎస్ఎస్ఎల్ మాడ్యూల్‌ను వదిలేసి బిల్డ్ పూర్తిచేస్తుంది. తీరా పిప్‌తో ఏదైనా దించబోతే అప్పుడు బయటపడుతుంది. మేక్ చివర్లో ఏయే మాడ్యూళ్లు తయారు కాలేదో ఒక జాబితా వస్తుంది, దాన్ని తప్పక చదవాలి. డెవ్ ప్యాకేజీలు వేశాక, మేక్‌కు ముందు మెషీన్‌లో ఏమేం ఉన్నాయో చూసే 'కాన్ఫిగర్'ను మళ్లీ మొదటినుంచి నడపాలి.

కాన్ఫిగర్ ఎక్కడ తడబడిందో 'కాన్ఫిగ్ డాట్ లాగ్' ఫైలు పూసగుచ్చినట్టు చెబుతుంది. కాన్ఫిగర్ పరీక్షగా రాసి చూసిన చిన్న సీ ప్రోగ్రాం, కంపైలర్ ఇచ్చిన జవాబు రెండూ అందులో ఉంటాయి.

నిన్నటిదాకా కంపైలైన పాత సోర్స్ కొత్త మెషీన్‌లో మొరాయిస్తే, సోర్స్‌లో ఏమీ మారకపోయి ఉండొచ్చు. డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలిస్తే జీసీసీ ఇదివరకు హెచ్చరికతో సరిపెట్టేది; 2024లో వచ్చిన జీసీసీ 14 దాన్ని ఎర్రర్‌గా మార్చింది.

'కిల్డ్' అని ఒక్క మాటతో కంపైలర్ ఆగిందా? చాలాసార్లు అది కోడ్ తప్పు కాదు, ర్యామ్ చాలక కెర్నల్ దాన్ని ఆపేసింది. స్వాప్ పెంచండి, ఒకేసారి నడిచే పనులు తగ్గించండి.

మేక్‌ఫైల్‌లో కమాండ్ ముందు ట్యాబ్ బదులు స్పేసులు పెడితే 'మిస్సింగ్ సెపరేటర్' అంటుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో మేక్ రాసిన స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ఈ ట్యాబ్ నియమాన్ని మార్చలేదు. అప్పటికే డజను మంది దాకా వాడుతున్నారు, వాళ్ల ఫైళ్లు చెడిపోతాయని!

పైథాన్ కాక గో భాషను సోర్స్ నుంచి కట్టాలంటే ముందే మీ దగ్గర ఒక గో ఉండాలి. 2015లో వచ్చిన 1.5 నుంచి దాని కంపైలర్‌ను గోలోనే రాస్తున్నారు. సీ కంపైలర్‌తో కట్టగలిగిన ఆఖరి వెర్షన్ 1.4.

అన్నీ కుదిరాక పైథాన్‌కు 'మేక్ ఇన్‌స్టాల్' కొట్టకండి. 'మేక్ ఆల్ట్ఇన్‌స్టాల్' అయితే 'పైథాన్3' అన్న పేరు జోలికి పోదు. కొత్తది తన వెర్షన్ నంబరుతో పక్కన కూర్చుంటుంది.