కార్డును కత్తిరించకండి!

అటక మీది ట్రంకు పెట్టె దించారు. అడుగున, తీగకు గుచ్చిన పాత ఉత్తరాల కట్ట. ఇంట్లో పిల్లాడికి స్టాంపుల సరదా. ఇంకేముంది... కత్తెర తెచ్చి కార్డు మీది బొమ్మ వరకూ కత్తిరించి ఆల్బంలో అతికించేస్తాడు. మిగతా కార్డు చెత్తబుట్టలోకి! కానీ అసలు విలువ ఆ పారేసినదానిలోనే ఉందంటారు సేకర్తలు.

స్టాంపు అతికించే పని లేకుండా ఖరీదు ముద్రించే అమ్మే కార్డులు, కవర్లు, ఇన్‌లాండ్ లెటర్లనే 'పోస్టల్ స్టేషనరీ' అంటారు. వీటిని మాత్రమే సేకరించేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. జార్ చక్రవర్తుల నాటి రష్యా కవర్లంటే వాళ్లకు ప్రాణం. అక్కడ స్టాంపు కన్నా ముందు పుట్టింది కవరే మరి! సెయింట్ పీటర్స్‌బర్గ్ నగర తపాలా కోసం 1845లో ముద్ర కవర్లు వచ్చాయి. 1848లో దేశమంతటికీ వచ్చాయి. అతికించే స్టాంపు వచ్చింది 1857 చివర్లో. అయితే ఆ రోజుల్లో ఆల్బంలో పట్టాలని చాలామంది ముద్ర వరకే కత్తిరించి దాచుకున్నారు. అందుకే చెక్కుచెదరని కవరు దొరికితే నేడు పండగే.

ఊరి పేరే సాక్ష్యం

మన దేశంలో కాలణా కార్డు 1879 జులై 1న వచ్చింది. హైదరాబాద్ నిజాం అప్పటికే, అంటే 1869 నుంచే, సొంత స్టాంపులు వేయించుకున్నాడు. 1931లో చార్మినార్ బొమ్మతో అణా స్టాంపూ తెచ్చారు. మరి మన బనగానపల్లె? నవాబులు ఏలిన ఈ సంస్థానం విస్తీర్ణం 255 చదరపు మైళ్లు. దీనికి సొంత తపాలా స్టాంపులు లేవు. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయింది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది.

అందుకే ఈ ఊరి తపాలా చరిత్ర కోసం స్టాంపుల కేటలాగు వెతికితే లాభం లేదు. కార్డు మీది రాజు బొమ్మ దేశమంతటా ఒక్కటే. పక్కన పోస్టాఫీసువాళ్లు కొట్టిన ముద్రలోని 'బనగానపల్లె' అన్న పేరు, తేదీ మాత్రం ఇక్కడివే. కత్తెర పడితే పోయేవి అవే!

సగం మిగిలిన తంతి

తంతి స్టాంపులదీ ఇలాంటి కథే. 1869 నాటి తంతి స్టాంపు పొడవుగా ఉండి, దానిమీద విక్టోరియా రాణి తల పైనొకటి, కిందొకటి ఉండేది. గుమాస్తా దాన్ని రెండుగా కోసి పై సగాన్ని రసీదుకు, కింది సగాన్ని ఆఫీసులో ఉండే ఫారానికి అంటించేవాడు. రసీదులు జనం దాచుకున్నారు. ఆఫీసు ఫారాలను తర్వాత తగలబెట్టడమో చించేయడమో చేశారు. అందుకే ఇప్పుడు దొరికేవి ఎక్కువగా పై సగాలే. ఆ తంతి సేవ కూడా 2013 జులైలో ఆగిపోయింది.

మన ఇళ్లలోనూ అంతేగా? పసుపు రాసిన పెళ్లి ఉత్తరాన్ని దాచేవారు. చావు కబురు తెచ్చిన కార్డును చదివిన వెంటనే చించేసేవారు. ఏది దాచారో అదే చరిత్రగా మిగిలింది.

ఇలా దాచండి

ఇంట్లో పాత ఉత్తరాలుంటే ముందు ఆ తీగ తీసేయండి. తుప్పు కాగితాన్ని తినేస్తుంది. గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు, సెల్లోటేపు వద్దు. లామినేషన్ అసలే వద్దు. ఒక్కో కార్డునూ తెల్ల కాగితపు కవర్లో ఉంచి, చెమ్మ, చెదలు చేరని చోట పెట్టండి. ఎవరు ఎవరికి రాశారో కవరు మీద రాయండి. అది చెప్పగల పెద్దవాళ్లు ఉండగానే రాయండి!

అమ్మితే ఎంతొస్తుందన్నది తర్వాతి మాట. 'ఇక్కడ అందరం క్షేమం' అంటూ జేజినాయన చేతిరాత కనిపించే కార్డుకు వెల కట్టేదెవరు?